అద్భుతము జరిగినదా? అల్లాడి రామకృష్ణన్ శాస్త్రజీవితము: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతము

2012 జూలై 4న జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాల, హిగ్స్ బోసానును పోలిన ఒక కొత్త కణమును కనుగొన్నామని ప్రకటించింది. ఆ నెలలోనే మా నెల్లూరు తీరప్రాంతములో జరిగిన ఒక ఉజ్జీవ కూటములో ప్రసంగీకులు, శాస్త్రజ్ఞులు చివరికి దేవుని కణమును పట్టుకున్నారని, ఇక నాస్తికుల నోరు మూతపడినట్లేనని చెప్పారు. జనులు హల్లెలూయ అన్నారు. వేదికమీద కూర్చున్న కాపరులలో ఈ వ్యాసకర్త ఒకడు. నేనూ చప్పట్లు కొట్టాను. కూటము ముగిసిన తరువాత, ఇంటర్మీడియట్ చదువుతున్న మా సంఘపు పిల్లవాడొకడు నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, ఆ కణము దొరకకపోయి ఉంటే దేవుడు లేడని ఒప్పుకొనేవాళ్లమా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పలేకపోయాను.

ఆ కణమునకు ఆ పేరు వేదాంతులు పెట్టలేదు. లియోన్ లెడర్‌మన్ అనే భౌతికశాస్త్రవేత్త 1993లో వ్రాసిన ఒక ప్రజాదరణ గ్రంథము ద్వారా అది వాడుకలోకి వచ్చింది. కణములకు బరువు ఎలా వచ్చిందనే లెక్కలో ఆ బోసానుకు స్థానమున్నది. సృష్టికర్త ఉనికిని గురించి అది సాక్ష్యమివ్వదు, అబద్ధసాక్ష్యమూ చెప్పదు. మనకు అర్థము కాని ప్రతిదానిని వెంటనే అద్భుతమని ప్రకటించి, అర్థమైన మరునాడు దానిని మరచిపోవుట మన ప్రసంగ వేదికలకు అలవాటైంది.

ఈ పరిస్థితిలో, మన జిల్లాతో వంశసంబంధమున్న ఒక కణ భౌతికశాస్త్రవేత్త కూడా అదే మాటను వాడినట్లు తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యము కలిగింది. 1962 జనవరి 3న మద్రాసులో గణితశాస్త్ర సంస్థ ప్రారంభమైనప్పుడు, దాని సంచాలకుడైన అల్లాడి రామకృష్ణన్ చేసిన ప్రసంగమునకు పెట్టిన పేరు "అద్భుతము జరిగినది" అని. ఆయన కణములను గూర్చి ఆ మాట చెప్పలేదు. ఒక చదువుల ఇల్లు కట్టబడుటను గూర్చి చెప్పారు. ఆ మాట అక్కడ ఎంతవరకు సరిపోతుందో, ఎక్కడ సరిపోదో ఈ వ్యాసములో పరిశీలిస్తాను.

1. పుదూరు నుండి మైలాపూరుకు

రామకృష్ణన్ తండ్రి సర్ అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ 1883లో నెల్లూరు జిల్లా పుదూరు గ్రామములో జన్మించారు. ఆయన తండ్రి ఏకామ్రశాస్త్రి పౌరోహిత్యము చేసేవారు. కృష్ణస్వామి అయ్యర్ మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, న్యాయవాదియై, 1929 నుండి 1944 వరకు మద్రాసు అడ్వకేట్ జనరల్‌గా పనిచేశారు. తరువాత రాజ్యాంగ ముసాయిదా సంఘములో సభ్యులయ్యారు. ఆ సంఘమునకు అధ్యక్షుడైన డాక్టర్ అంబేద్కర్, 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ, తనకంటే సమర్థులు ఆ సంఘములో ఉన్నారని చెప్పి, అల్లాడి వారి పేరును ప్రస్తావించారు. అంటరానితనమును రద్దుచేసిన 17వ అధికరణము ఆ రాజ్యాంగములోనిదే. మన సంఘములలో అత్యధికులు ఆ అధికరణము ఎవరికొరకు వ్రాయబడిందో ఆ పాలెముల బిడ్డలే గనుక, ఈ కుటుంబ చరిత్ర మనకు పరాయిది కాదు.

రామకృష్ణన్ 1923 ఆగస్టు 9న మద్రాసులో జన్మించారు. ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రము చదువుచుండగా, 1943లో హోమీ భాభా మద్రాసులో మేసానులను గూర్చి చేసిన ఉపన్యాసము విన్నారు. అది ఆయన మనస్సులో నాటుకొన్నది. అయినను తండ్రి వృత్తి ఇంట్లోనే ఉన్నది గనుక న్యాయశాస్త్రము కూడ చదివారు. 1947లో ఆ దారి విడిచి, బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో భాభా దగ్గర చేరారు. దేశములోనే పేరుపొందిన న్యాయవాది కుమారుడు సిద్ధమైన వృత్తిని వదలి, జీతమైనా స్థిరముగా లేని సైద్ధాంతిక భౌతికశాస్త్రమును ఎన్నుకొనుట చిన్న నిర్ణయము కాదు. అయితే ఆ నిర్ణయము తప్పిపోయినా తిరిగి వచ్చుటకు ఆయనకు ఇల్లున్నది. ఈ రెండవ సంగతిని కూడ మనము మరువరాదు.

2. కణముల జల్లు

భాభా ఆయనకు ఇచ్చిన సమస్య విశ్వకిరణములకు సంబంధించినది. అధికశక్తిగల ఒక ఎలక్ట్రాను వాతావరణములో ప్రవేశించి, పరమాణు కేంద్రకముల దగ్గరగా పోవునప్పుడు ఫోటానును విడుస్తుంది. ఆ ఫోటాను ఒక ఎలక్ట్రానుగా, ఒక పాజిట్రానుగా మారుతుంది. అవి మరల ఫోటానులను విడుస్తాయి. ఈ విధముగా ఒకటి అనేకములై, పైనుండి క్రిందికి జల్లువలె కురుస్తాయి. ఒక లోతులో సగటున ఎన్ని కణములుంటాయో లెక్కించుట అప్పటికే తెలుసు. సగటునుండి ఎంత హెచ్చుతగ్గులు ఉంటాయన్నది కష్టమైన ప్రశ్న.

మన తీరమున ఉన్నవారికి ఈ భేదము సులువుగా తెలుస్తుంది. మైపాడు రేవులో ఒక ఉదయము పది పడవలకు సగటున ఎంత చేప పడిందో చెప్పినంత మాత్రాన, ఏ పడవ ఖాళీగా వచ్చిందో, ఏ ఇంట్లో పొయ్యి వెలగదో తెలియదు. సగటు ఒకటే అయినా బ్రతుకులు ఒకటి కావు. హెచ్చుతగ్గుల శాస్త్రము ఆ రెండవ సంగతిని లెక్కించుటకు పూనుకొంటుంది.

ఇక్కడ మరియొక చిక్కున్నది. కణముల శక్తి ఒకటి, రెండు, మూడు అని మెట్లు మెట్లుగా ఉండదు, నీటివలె ఎడతెగకుండా ఉంటుంది. కచ్చితముగా ఒక శక్తిగల కణములెన్ని అని అడిగితే ఆ ప్రశ్నకు అర్థము లేదు. రామకృష్ణన్ చేసినదేమంటే, మిక్కిలి చిన్న శక్తి అంతరమును తీసికొని, అందులో ఒక కణముండు సంభావ్యత ఆ అంతరపు కొలతకు అనుపాతముగా ఉంటుందని, రెండుండు సంభావ్యత లెక్కలోనికి రానంత తక్కువని చూపారు. పిమ్మట రెండు వేర్వేరు అంతరములలో ఒక్కొక్క కణము కలిసి ఉండు సంభావ్యతను నిర్వచించారు. దాని సహాయముతో హెచ్చుతగ్గులను కట్టవచ్చును. దీనికి ఆయన పెట్టిన పేరును తెలుగులో "లబ్ధ సాంద్రతలు" అని చెప్పుకొనవచ్చు. 1949 నుండి 1951 వరకు మాంచెస్టరులో ఎం.ఎస్. బార్ట్‌లెట్ దగ్గర ఆయన చేసిన డాక్టరేటు పరిశోధనకు ఇదే పునాది. 1950లో కేంబ్రిడ్జి తాత్త్విక సంఘపు పత్రికలో ఈ వ్యాసము వెలువడింది. కణముల జల్లులకు మాత్రమే గాక, యాదృచ్ఛికముగా పెరిగి తరిగే ఇతర సమూహముల అధ్యయనమునకు కూడ ఈ పద్ధతి ఉపయోగపడింది. ఆయన శాస్త్రకృషిలో గట్టిగా నిలిచిన భాగము ఇదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయము.

3. ఏకామ్ర నివాస్

మద్రాసు విశ్వవిద్యాలయమునకు తిరిగివచ్చిన తరువాత, 1956లో ఆయన జపాను వెళ్లి క్యోటోలోని యుకావా సంస్థను దర్శించారు. మేసాను ఉండి తీరాలని 1935లో ముందుగా చెప్పిన హిదేకి యుకావా, విదేశములలో చదువకుండ, జపానులోనే ఉండి ఆ పని చేసినవాడు. 1957-58లో రామకృష్ణన్ ప్రిన్స్‌టన్‌లోని ఉన్నత అధ్యయన సంస్థలో ఒక సంవత్సరము గడిపారు. అక్కడి సెమినార్లలో కణ భౌతికశాస్త్రము ఎంత వేగముగా నడుచుచున్నదో చూచారు. మద్రాసు విద్యార్థులకు ఆ వార్త పత్రికలలో అచ్చై చేరేసరికి ఎంతో ఆలస్యమవుతుందని ఆయనకు తెలుసు.

తిరిగివచ్చి ఆయన చేసిన పని చాల సామాన్యమైనది. మైలాపూరు లజ్ ప్రాంతములో తాతగారి పేరుతో ఉన్న తమ గృహము ఏకామ్ర నివాస్‌లో ఒక నల్లబల్ల పెట్టి, విద్యార్థులను పిలిచి, సైద్ధాంతిక భౌతికశాస్త్ర సెమినారు నడిపారు. వచ్చిన ప్రతి విదేశీ శాస్త్రజ్ఞుని ఆ ఇంటికి ఆహ్వానించి, భోజనము పెట్టి, పిల్లల ఎదుట ఉపన్యాసము చెప్పించారు. ఆయన భార్య లలిత ఆ ఆతిథ్యములో సమభాగస్థురాలు. 1960 జనవరిలో నీల్స్ బోర్ ఆ ఇంటికి వచ్చారు. భారతదేశములో తనను ఆకట్టుకొన్నవి రెండని, ఒకటి బొంబాయిలోని పెద్ద సంస్థ, రెండవది మద్రాసులోని ఈ చిన్న బృందమని ఆయన చెప్పిన అభిప్రాయము పత్రికలకెక్కింది. 1961లో మరీ గెల్-మన్, రిచర్డ్ డాలిట్జ్ వచ్చి ఉపన్యసించారు. కణములను ఎనిమిదేసి కుటుంబములుగా అమర్చే పద్ధతిని గెల్-మన్ అప్పుడే రూపొందించి ఉన్నారు. అబ్దుస్ సలామ్ కూడ ఆ ఇంటికి అతిథిగా వచ్చినవారే.

అప్పటి విద్యామంత్రి సి. సుబ్రమణ్యం ద్వారా ఈ వార్త ప్రధాని నెహ్రూకు చేరింది. 1961 అక్టోబరులో నెహ్రూ మద్రాసు వచ్చినప్పుడు ఆ విద్యార్థులను కలిసికొన్నారు. మూడు నెలలు తిరుగక ముందే, ప్రెసిడెన్సీ కళాశాల ఆవరణలో ఎస్. చంద్రశేఖర్ చేతులమీదుగా సంస్థ ప్రారంభమైంది. రామకృష్ణన్ 1983 వరకు దానికి సంచాలకులుగా ఉన్నారు.

4. కణముల వ్యాకరణము

సంస్థాధిపతిగా ఉన్న కాలములో ఆయన సొంత పరిశోధన మాత్రికల వైపు తిరిగింది. డిరాక్ 1928లో ఎలక్ట్రానుకు వ్రాసిన సమీకరణములో నాలుగు మాత్రికలు కావలసివచ్చాయి. వాటిలో ఏ రెంటినైనా వరుస మార్చి గుణిస్తే గుర్తు మారుతుంది. పౌలీ మాత్రికలకు 2 వరుసలు, అట్టివి 3. 4 వరుసల మాత్రికలలో అట్టివి 5, 8 వరుసలవాటిలో 7. ఈ మెట్లు ఒకదానినుండి ఒకటి ఎట్లు పుట్టుచున్నవో రామకృష్ణన్ ఒకే నియమముతో చూపించి, దానికి ఎల్-మాత్రిక సిద్ధాంతమని పేరుపెట్టారు. 1972లో వెలువడిన గ్రంథములో దానిని డిరాక్ మాత్రికల వ్యాకరణముగా వర్ణించారు. తరువాత, వరుస మార్చినప్పుడు గుర్తుకు బదులు ఒకటి యొక్క వర్గ, ఘన మొదలైన మూలములు వచ్చి చేరే సామాన్యీకృత క్లిఫర్డ్ బీజగణితము మీద తన శిష్యులతో కలసి పనిచేశారు.

గ్రీకు, హీబ్రూ చదివిన మనకు వ్యాకరణము విలువ తెలుసు. వ్యాకరణము తెలియనివాడు వాక్యమును విడదీయలేడు. అయితే వ్యాకరణము తెలిసినంత మాత్రాన సువార్త తెలిసినట్లు కాదు. ఎల్-మాత్రికల విషయములో నా విమర్శ కూడ ఇదే. 1964లో క్వార్కులు ప్రతిపాదించబడ్డాయి. 1967-68లో వైన్‌బర్గ్, సలామ్ దుర్బల, విద్యుదయస్కాంత బలములను ఏకము చేశారు. 1973లో బలమైన బలమునకు క్షేత్రసిద్ధాంతము కుదిరింది. 1974లో ఛార్మ్ క్వార్కు గుర్తు దొరికింది. కణ భౌతికశాస్త్రము ఇట్లు ప్రకృతితో ఎదురుపడి మాట్లాడుచున్న దినములలో, ఎల్-మాత్రిక సిద్ధాంతము ఒక కొత్త కణమును గాని, కొలువదగిన ఒక సంఖ్యను గాని ముందుగా చెప్పలేదు. అందము ఉన్నది, ఎదురుచూపు లేదు. ఆ బీజగణితపు మాత్రికలు నేడు క్వాంటమ్ సమాచార శాస్త్రములో పనికివచ్చుచున్నవి గనుక ఆ శ్రమ వ్యర్థమని అనలేము. కాని ఏ శాస్త్రము పేరుతో అది ఆరంభమైందో ఆ శాస్త్రపు ప్రధాన మార్గమును అది మార్చలేదు.

5. "అద్భుతము" అను మాట

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. పెంతెకొస్తు దినపు ప్రసంగములో (అ.కా. 2:22) పేతురు యేసు క్రియలకు మూడు మాటలు వాడెను. డునామిస్ శక్తిని, తెరాస్ చూచువారి విస్మయమును, సేమెయోన్ అర్థమును సూచిస్తాయి. మన తెలుగు బైబిలులో మూడవది సూచకక్రియ. యోహాను తన సువార్తలో ప్రధానముగా ఎన్నుకొన్నది ఈ మూడవ మాటనే.

రామకృష్ణన్ వాడిన అద్భుతము మొదటి అర్థములో నిలువదు. సంస్థ పుట్టుటకు వెనుక ప్రతి మెట్టునూ మనము పేరుపెట్టి చెప్పగలము. మైలాపూరులో విశాలమైన ఇల్లు, ఆంగ్ల విద్య, తండ్రి ప్రతిష్ఠ, ప్రిన్స్‌టన్ పరిచయములు, మంత్రిని కలువగల చొరవ. ఇవి లేని పాలెపు యువకుడొకడు అదే కాలములో అంతే తెలివితో ఉన్నా, అతని పూరిపాకకు బోరు వచ్చేవాడు కాడు. కలిమి చేసిన పనిని అద్భుతమని పిలిస్తే, లేమి చేసిన హానిని దైవనిర్ణయమని పిలువవలసి వస్తుంది. కాపరిగా నేను దీనిని ఒప్పుకొనలేను.

ఇంకొక మాట. ఒక సంస్థ 21 సంవత్సరములు ఒకే వ్యక్తి చేతిలో ఉండుట మన మిషను సంస్థలకు తెలియని సంగతి కాదు. స్థాపకుని కథయే సంస్థ కథ అయినప్పుడు, లోపలివారు ప్రశ్నించుట కష్టమవుతుంది. "అద్భుతము" అనే మాట ఆ కష్టమును మరింత పెంచుతుంది. అద్భుతమును ఎవరు పరీక్షిస్తారు? అయితే స్థాపకుడు వెళ్లిన పిమ్మట నిలుచునదే సంస్థ. 1984లో ఇ.సి.జి. సుదర్శన్ దాని సంచాలకుడయ్యారు. కేరళ సిరియన్ క్రైస్తవ కుటుంబములో పుట్టి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, 1957లో మార్షక్‌తో కలసి దుర్బల బలముల స్వరూపమును నిర్ణయించినవాడు ఆయన. సంస్థ నేటికిని చెన్నైలో పనిచేయుచున్నది. ఈ పరీక్షలో రామకృష్ణన్ గెలిచారు.

ఇక మూడవ అర్థము. యోహాను 6వ అధ్యాయములో అయిదువేలమందికి ఆహారము పెట్టిన సూచకక్రియ, ఒక చిన్నవాని దగ్గరున్న అయిదు యవల రొట్టెలతో ఆరంభమైంది. ఉన్నది ఇచ్చివేయుట ఆ చిన్నవాని వంతు. పుదూరు పురోహితుని పేరున్న ఇంటిని, దానిలోని విశ్రాంతిని, భోజనపు బల్లను రామకృష్ణన్ విద్యార్థులకు ఇచ్చివేశారు. అట్టి ఇండ్లున్న ధనికులు ఆ నగరములో అనేకులు. నల్లబల్ల పెట్టినవారు అరుదు. ఆ గదిలో టి.కె. రాధ, జి. భామతి వంటి స్త్రీలు ఆ దినములలోనే కణ భౌతికశాస్త్రము నేర్చుకొన్నారు. ఎ.పి. బాలచంద్రన్ వంటివారు ప్రపంచఖ్యాతి పొందారు. కలిమి ఆయనను బలవంతపెట్టలేదు గనుక, ఇచ్చుట ఆయనదే. ఈ అర్థములో అది సూచన. కణము దొరికినా దొరకకపోయినా చెరగనిది.

6. మన సెమినరీలకు

ఈ జీవితమునుండి మనకు రెండు ప్రశ్నలు వస్తున్నవి. మొదటిది, సైద్ధాంతిక భౌతికశాస్త్రమునకు యంత్రములు అక్కరలేదు, ఒక నల్లబల్ల, ఒక బృందము చాలునని ఆయన నమ్మారు. దైవశాస్త్రమునకు అంతకంటే తక్కువ చాలును. అయినను 1840లో శామ్యూల్ డే నెల్లూరు వచ్చినది మొదలు నేటివరకు, ఈ తీరమున మనము బోధించే దైవశాస్త్రములో అధికభాగము ఇంకొకచోట వండి తెచ్చినదే. వారము వారము ఒక ఇంటిలో కూడి, మన పాలెముల ప్రశ్నలతో వాక్యమును పట్టి ఆలోచించే సెమినారు మనలో ఎందరు కాపరుల ఇండ్లలో ఉన్నది? డబ్బు లేదను మాట ఇక్కడ చెల్లదు.

రెండవది భాష. రామకృష్ణన్ తన శాస్త్రమును ఆంగ్లములో వ్రాశారు, ఆయన సంపాదకత్వములో వెలువడిన సైద్ధాంతిక భౌతికశాస్త్ర, గణితశాస్త్ర సంపుటములు పదియు ఆంగ్లములోనివే. ఆ వృత్తికి అది సహజము. కాని పుదూరు గ్రామమునకు ఆ వెలుగు ఏ భాషలో చేరాలి? ఈ వ్యాసములో లబ్ధ సాంద్రతకు ఒక తెలుగు మాట కొరకు నేను వారము దినములు తడుముకొన్నాను. దైవశాస్త్రములో మన స్థితియు ఇదే గనుక ఆయనను నిందించుటకు నాకు నోరు రాదు.

ముగింపు

1990 దశకములో నేను బి.డి. చదువుచుండగా, ఎమ్మెస్సీ భౌతికశాస్త్రము చదివే మా తమ్ముడు సెలవులకు ఒక లావుపాటి పుస్తకము తెచ్చాడు. పి.ఎం. మాథ్యూస్, కె. వెంకటేశన్ వ్రాసిన క్వాంటమ్ యాంత్రికశాస్త్ర పాఠ్యగ్రంథమది. అట్టమీది పేరు కూడబలుక్కొని చదివిన మా అమ్మ, "మత్తయి సువార్తకు ఇంత పెద్ద వ్యాఖ్యానమా!" అని కళ్లకద్దుకొన్నది. తమ్ముడు నవ్వి, కాదని చెప్పలేదు. ఆ ఇద్దరు గ్రంథకర్తలును రామకృష్ణన్ శిష్యులని నాకు ఎన్నో ఏండ్ల తరువాత తెలిసింది. నెల్లూరు జిల్లా మూలములున్న ఒక ఇంటి నల్లబల్ల దగ్గర ఆరంభమైన పాఠము, ఇద్దరు శిష్యుల చేతిమీదుగా, అదే జిల్లాలోని ఒక పాలెపు ఇంటి అరుగుమీదకు వచ్చింది. నడుమ సుమారు ముప్పది సంవత్సరములు పట్టింది.

రామకృష్ణన్ 2008 జూన్ 7న అమెరికాలోని ఫ్లోరిడాలో, గణితశాస్త్రవేత్త అయిన కుమారుని ఊరిలో మరణించారు. ఆ ఇంటర్మీడియట్ పిల్లవాడు ఇప్పుడు ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము బోధించుచున్నాడు. అతనికి నేను ఇవ్వగలిగిన జవాబు ఇది: ఆ కణము దొరకకపోయినా మనము ఆరాధించియుండేవాళ్లమే, దొరికినందుకు చప్పట్లు కొట్టవలసినది దానిని వెదకినవారి ఓర్పుకు. ఆయన తన బడి పిల్లలలో ఆసక్తిగలవారిని శనివారము సాయంకాలము మా చర్చి వసారాలోనికి తీసుకొని వస్తానన్నాడు. నల్లబల్ల కొనవలసియున్నది.